ఇంగువమ్మను దాటించిన నలుగురు

నవంబరు 13, గురువారం

ఇంగ్రిడ్‌ను కోసి ముక్కలు చేయమని సంతకం పెట్టినవాడు కౌశల్.

ఓనరు కాదు, బ్యాంకు కాదు, మార్కెట్టు కాదు. అలాంటి పేర్లు చెబితే తప్పు గాలిలో కలిసిపోతుంది, పట్టుకోవడానికి కాలర్ దొరకదు. కాగితం మీద మనిషి పేరు ఉంది. పేరు పైన సంతకం ఉంది. చివర్లో వెనక్కి తిరిగి మొదటి అక్షరాన్నే కొట్టేసినట్టు వచ్చే ఆ గీత నాకు బాగా తెలుసు.

పొద్దున టీ వేళకి ఫోర్‌మన్ వచ్చే నెల పనుల కాగితం బోర్డుకి అంటించి వెళ్లాడు. సింగపూర్‌లో మా తువాస్ యార్డుకి ఓడలు రావడం, పోవడం మామూలే. వేలు పెట్టి చూసుకుంటూ వస్తే అడుగున కనబడింది. ఇంగ్రిడ్. డాక్‌లోకి డిసెంబరు ఏడున. పని: విడగొట్టి తుక్కు చేయడం. టెక్నికల్ ఆమోదం: కౌశల్, తంజోంగ్ పగార్ ఆఫీసు.

మూడేళ్ల కిందట ఇదే కౌశల్ నార్వేలో ఆ ఓడ పొట్టలో మాతో పాటు మోకాళ్ల మీద కూర్చుని తుప్పు గీకాడు. ఇంజనీరై ఉండీ గీకాడు, అందుకే మనవాడనుకున్నాను. మనవాడనుకోవడం నా తప్పు కాదు. మనవాడిలా కనబడటం వాడి తప్పు.

ద్రోహానికి గొడ్డలి అక్కర్లేదు, పెన్ను చాలు. ఈ వాక్యం బాగా వచ్చింది. వాడుకోవాలి.


నవంబరు 14

మంచం కొక్కేనికి వాడి పసుప్పచ్చ రెయిన్‌కోటు వేలాడుతోంది. మూడేళ్లుగా వేలాడుతోంది. రేపు పారేస్తాను.


నవంబరు 15, శనివారం

వెంకటరాజు బాబాయ్‌కి చెప్పాను. నాకొక్కడికే కాదు, యార్డులో తెలుగువాళ్లందరికీ బాబాయే. ఇంజన్ ఫిట్టరు. పనివాళ్ల డార్మ్‌లో నా కింది మంచం. సింగపూర్ రాకముందు గోదావరి మీద పాపికొండలకి తిరిగే లాంచీకి సరంగు. ఎంత పెద్ద ఓడనైనా పడవే అంటాడు. ముందు భాగాన్ని అణియం అంటాడు, వెనక భాగాన్ని అమరం అంటాడు. బంగ్లాదేశ్ ఫోర్‌మన్‌తో కూడా అలాగే మాట్లాడతాడు. వింతేమిటంటే ఫోర్‌మన్‌కి అర్థమవుతుంది.

"తెలుసబ్బాయ్" అన్నాడు లుంగీ మడత పెట్టుకుంటూ. అంతే.

నేను చాలాసేపు మాట్లాడాను. ఇనుముకి కూడా చరిత్ర ఉంటుందన్నాను. మన చెమట పట్టిన ఓడని మన చేతే కోయించడం కంటే అవమానం ఏముందన్నాను. మధ్యలో ఒకసారి అన్నం తిన్నావా అని అడిగాడు. బాబాయ్‌కి చైతన్యం తక్కువ. మంచివాడే. డిసెంబరు నెలాఖరుకి పర్మిట్ అయిపోయి ఇంటికి వెళ్లిపోతున్నాడు. అలాంటి మనిషిని ఆఖరి నెలలో ఇంగ్రిడ్‌ని కోసే ముఠాలో వేశారు. ఇదీ కౌశల్ చేసిందే అయ్యుంటుంది.


నవంబరు 16, ఆదివారం

గ్రూపులో పెట్టడానికి పోస్టు రాద్దామని కూర్చుంటే ఆ రాత్రి అడ్డొస్తోంది. ముందు దాన్ని రాసి పక్కన పెడితే గానీ చెయ్యి కదిలేలా లేదు.

అప్పుడు ఆగస్టు. కొండల మధ్యకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ, ఫ్యోర్డ్ అంటారు, దాని చివర్న చిన్న ఊరు. ఇంగ్రిడ్ అక్కడ ఏళ్ల తరబడి కట్టేసి ఉంది. సాయంత్రం షికార్లకి తిప్పుదామని సింగపూర్ ఓనరు ఒకడు కొన్నాడు. బాగుచేయడానికి మా యార్డు నలుగురిని పంపింది. ఇంజన్‌కి బాబాయ్, కరెంటుకి నేను, యాకూబ్, మా ముగ్గురి మీద కౌశల్. ఉన్నన్నాళ్లూ వాన. మా భీమిలి వాన అరుస్తూ వస్తుంది, కొట్టేసి పోతుంది. అక్కడి వాన చుట్టపుచూపుగా వచ్చి, చెప్పులు విప్పి, లోపల కూర్చుని, ఇంక లేవదు.

పనయ్యాక ఓడని ఫ్యోర్డ్ దాటించి పెద్ద రేవులో వేరే సిబ్బందికి అప్పగించాలి. సాయంత్రం బయల్దేరితే తెల్లారేసరికి చేరతాం. నడిపేది ఆ ఊరి ముసలి పైలట్. మాకు పని లేదు. పని లేకుండా ఓడెక్కడం మాకు అదే మొదటిసారి. ఏం చేయాలో తెలీక కాసేపు జేబుల్లో చేతులు పెట్టుకుని దొరల్లా నిలబడ్డాం.

రెండు పక్కలా కొండలు నీళ్లలోంచి నిటారుగా లేచాయి. వాటి నడుము దాకా దిగిన మేఘం, అంతకు పైన ఏముందో వాటికే తెలియాలి. కొండ పొడుగునా జలపాతాలు. ఒకటీ రెండూ కాదు, కొత్తగా వేసిన సున్నం వానకి కారుతున్నట్టు ఎక్కడ చూస్తే అక్కడ తెల్లటి చారలు. దగ్గరగా పోతే హోరు, దూరం కాగానే చప్పుడు లేదు, వాన మాత్రం నీళ్ల మీద సన్నగా వేగుతున్నట్టు వినబడేది. పది దాటినా చీకటి పడలేదు. వెలుతురు పైన ఆరిపోయి నీళ్లలో మిగిలింది. ఎక్కడో కొండ అంచున ఒకే ఒక్క ఇల్లు, ఒకే ఒక్క దీపం. దానికి దారి కనబడదు. ఆ ఇంటివాడు పెళ్లికి ఎవర్ని పిలిచుంటాడు, వాళ్లు ఎట్లా ఎక్కుంటారు అని యాకూబ్ బెంగ పెట్టుకున్నాడు.

బాబాయ్ అణియంలో రెయిలింగ్ పట్టుకుని కొండల్ని కింద నుంచి పైదాకా చూశాడు. తర్వాత అన్నాడు. "మా పాపికొండల్ని ఎవడో ఎత్తుకొచ్చి ఉప్పునీళ్లలో ఊరేశాడ్రా."

పైలట్ తాత దగ్గరికి వెళ్లి సైగ చేసి హారన్ తాడు పట్టుకున్నాడు. మూడుసార్లు లాగాడు. మలుపు దగ్గర లాంచీ సరంగులు అలా కూత వేస్తారట, ఎదురొచ్చే లాంచీ తెలుసుకోవాలని. ఎదురుగా ఏ లాంచీ లేదు. కాస్త ఆగి కొండ కూసింది, అది కూడా మూడుసార్లే. బాబాయ్ టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. వాన కాబట్టి అందులో ఎవరూ అడగడానికేం లేదు.

లోపల యాకూబ్ టమాటా పప్పు వండాడు. వాడు కడప నుంచి తెచ్చుకున్న ఇంగువ డబ్బా మూత సరిగ్గా పట్టదు. మొదటి వారానికే ఓడంతా ఆ వాసన. అందుకే ఇంగ్రిడ్‌కి వాడే ఇంగువమ్మ అని పేరు పెట్టాడు. పైలట్ తాత ఒక చేత్తో చుక్కాని పట్టుకుని, ఇంకో చేత్తో గిన్నె పట్టుకుని, కళ్లమ్మట నీళ్లు కారుతుంటే మళ్లీ వేయమని గిన్నె చాపాడు.

తర్వాత వెనక డెక్ మీద నలుగురం చేరాం. నేను నాలుగు పేజీల కరపత్రం తీశాను. వైజాగ్‌లో యూనియన్ ఆఫీసు మెట్ల మీద దొరికింది. సముద్రపు ఒడ్డున ఓడలు విరిచే కూలీల గురించి. నా చదువంతా ఇలాంటి మెట్ల మీదే, ఐటీఐలో నేర్చుకున్నది తీగలు కలపడమే. రెండు చేతులతో విప్పి పట్టుకుని మొదటి నుంచి చివరిదాకా పైకి చదివాను. పైన కౌశల్ రెయిన్‌కోటు, దాని మీద వాన చప్పుడు. బాబాయ్ ఇంజన్ గది గోడ వెచ్చగా ఉందని దానికి ఆనుకుని కునికాడు. యాకూబ్ గురక పెట్టాడు. కౌశల్ మంకీ క్యాప్ కళ్ల మీదికి లాక్కున్నాడు. ముగ్గురూ నిద్రపోయారు. నేను ఆపలేదు. వినేవాడు లేకపోయినా చదవాలి.

తెల్లారి వాడు తన రెయిన్‌కోటు అడగలేదు. నేను ఇవ్వలేదు.

ఆ రాత్రి లాంటిది మళ్లీ రాలేదు.

ఇంక పోస్టు రాస్తాను.

తర్వాత: పెట్టేశాను. ఈ దేశంలో గోడకి కాగితం అంటిస్తే సామాను సర్దుకోవాల్సిందే, అందుకని యార్డు తెలుగు వాట్సాప్ గ్రూపులో. మొదటి వాక్యం, "ఇంగ్రిడ్‌ను చంపినవాడి పేరు కౌశల్." గొడ్డలి, పెన్ను రెండో వాక్యం.


నవంబరు 17

లేచేసరికి గొడ్డలి బొమ్మలు వరసగా. ఎవరో వాడికి గొడ్డలి ఇంజనీరని పేరు పెట్టారు. కొత్తగా వచ్చిన కుర్రాళ్లు ఇంగ్రిడ్ ఎవరో తెలీక, ఆ అమ్మాయికి న్యాయం జరగాలి అని రాశారు. వాళ్లకి విడిగా చెప్పాలి. జనం కదలడం ముఖ్యం.

మధ్యాహ్నం కౌశల్ గ్రూపులోంచి వెళ్లిపోయాడు. ఒక్క ముక్క రాయలేదు. జవాబు లేనివాడు అలాగే వెళ్తాడు.


నవంబరు 18

ఒకటే వాన. బస్సు దాకా ఆ రెయిన్‌కోటే వేసుకోవాల్సి వచ్చింది. వేరేది లేదు.


నవంబరు 20

గ్రూపులో ఇంకా నడుస్తోంది. ఒకడు ఆ అమ్మాయి ఫోటో పెట్టమంటాడు.


నవంబరు 23, ఆదివారం

టెక్కా మార్కెట్ దగ్గర యాకూబ్‌ని కలిశాను. యార్డు మానేసి లిఫ్టుల కంపెనీలో చేరాక కొంచెం ఒళ్లు చేశాడు. పొగుడుతాడనుకున్నాను.

"ఏందబ్బా నువ్వు రాసిండేది? వాడు ఇంగువమ్మను సంపినాడంట. కటింగ్ టార్చ్ ఏమన్నా సంకలో పెట్టుకోని తిరగతాండాడా వాడు?"

సూత్రం గురించి చెప్పబోయాను. సూత్రం తర్వాత, ముందు బిర్యానీ అన్నాడు. తింటూ వాడు చెప్పినది ఇది. ఇంజన్ ఆపేసిన ఓడని టగ్ కట్టి లాగుతారు. తాళ్లూ, పంపూ, దీపాలూ చూసుకోవడానికి ఓడ మీద నలుగురు ఉండాలి. వచ్చే నెల ఆరో తారీఖు, శనివారం సాయంత్రం లంగరు ఎత్తితే దక్షిణ దీవుల పక్కగా రాత్రంతా సాగి ఆదివారం తెల్లారేసరికి తువాస్ డాక్‌కి చేరుతుంది. ఆ నలుగురిలో కౌశల్ మా ముగ్గురి పేర్లూ రాయించాడట, యార్డు మానేసిన యాకూబ్‌ది కూడా ఆ ఒక్క రాత్రికి అనుమతి అడిగి. నాలుగోది తనదే. ఇప్పుడు తన పేరు కొట్టించేశాడు. ఆ చోటుకి ఎవడో ముక్కూమొహం తెలియని మనిషి వస్తాడు.

ఇది లంచం అన్నాను. కోయించేవాడు ముందు ఊరేగిస్తానంటే నమ్మాలా అన్నాను.

"మా ఇంటామెతో కొట్లాటయితే నేను ఊరికంతా నోటీసు అంటించను. నేరుగా పోయి తిట్టించుకుంటా. నువ్వూ పోరాదా" అన్నాడు యాకూబ్. మళ్లీ తనే, ఎముకని చీకుతూ, "హారనుకు ఒక బ్యాటరీ తెచ్చి కలుపుదామనుకున్యా. మన బాబాయ్ కోసరం" అన్నాడు.

రైల్లో వస్తూ మూడు కూతలూ గుర్తొచ్చాయి. రాకూడదనుకుంటే ఎక్కువ వస్తాయి.


నవంబరు 25

వెళ్లాను. తిట్టించుకోవడానికి కాదు, తిట్టడానికి.

తంజోంగ్ పగార్‌లో వాడి ఆఫీసు పక్కన తిండి దుకాణాల హాకర్ సెంటర్. వస్తున్నానని మెసేజ్ పెడితే, భోజనానికి రా అని జవాబు. వాడి పొగరది. సాయంత్రం రద్దీలో ఒక బల్ల దగ్గర ఎదురెదురుగా రెండు టిష్యూ ప్యాకెట్లు పెట్టి చోప్ చేసి కూర్చున్నాడు. ఒక టిష్యూ ప్యాకెట్టుతో జాగా ఆక్రమించుకునే ఊళ్లో వాడు బాగా ఇమిడిపోయాడు. చిక్కాడు. గడ్డం సరిగ్గా గీసుకోలేదు.

"కూర్చో కామ్రేడ్. తిట్టడానికైనా బలం కావాలిగా" అన్నాడు.

కూర్చోలేదు. సంతకం ఎందుకు పెట్టావన్నాను. ఎవరో ఒకరు పెట్టాలిగా అన్నాడు. నువ్వే ఎందుకన్నాను. నేను కాకపోతే వేరే కాగితం మీద వేరేవాడు పెట్టేవాడు అన్నాడు. లోకంలో ప్రతి ద్రోహీ అదే మాట అంటాడన్నాను. పక్క బల్ల చైనీస్ ఆంటీ తన సూప్ గిన్నెని మా వైపు నుంచి కొంచెం అవతలికి జరుపుకుంది.

వాడు స్పూన్‌తో అన్నం అటూ ఇటూ తోస్తూ కూర్చున్నాడు. తర్వాత తలెత్తకుండా, "బురదలో నిలబడ్డవాడికి ఓడ నీడ కూడా బరువే, బాబ్జీ" అన్నాడు.

కామ్రేడ్ అనలేదు. మా పరిచయంలో వాడు నన్ను పేరు పెట్టి పిలవడం ఎప్పుడో గానీ లేదు. ఆ వాక్యం ఎక్కడ ఎత్తాడో. అడిగినదానికి జవాబు చెప్పకుండా కవిత్వం చెప్పేవాళ్లని నేను చాలామందిని చూశాను.

"మరి పేరెందుకు కొట్టించుకున్నావ్?"

"నేనుంటే మీకు బాగోదు. మీరు ముగ్గురూ వెళ్లండి."

"నువ్వు లేకపోతే ఓడ తేలదనుకుంటున్నావా?"

నవ్వాడు. పాత నవ్వే. తుప్పు మొహం మీద పడి కళ్లు మాత్రమే కనబడేటప్పుడు నవ్వేవాడు, అది. నేను వచ్చేశాను. నా టిష్యూ ప్యాకెట్టు అక్కడే ఉండిపోయింది.


నవంబరు 26

నిద్ర లేదు. ఆకలి వల్ల కాదు, కోపం వల్ల.


నవంబరు 30, ఆదివారం

డార్మ్ వంటింట్లో బాబాయ్ ఉల్లిపాయలు కోస్తున్నాడు. నేను గిన్నెలు కడుగుతూ తంజోంగ్ పగార్ సంగతంతా చెప్పాను. వాడి పొగరు చూశావా బాబాయ్, ప్రశ్నకి జవాబు లేక బురద, నీడ అని ఏదో అన్నాడని నవ్వాను.

బాబాయ్ కత్తి ఆపాడు.

"అది నీదే కదబ్బాయ్. ఆ రాత్రి పడవ మీద నువ్వు చదివిందే."

కాదన్నాను.

"ఇంజన్ గోడకాడ ఉన్నా నాకు సగం వినపడింది. బురద, నీడ, బరువు. తెల్లారి రేవులో కాఫీ తాగుతా ఉంటే కౌశల్ బాబు నా పక్కకొచ్చి అడిగాడు. బాబ్జీ చదివింది నిజమేనా బాబాయ్, ఒట్టి కాళ్లతో బురదలో నిలబడి కోస్తారా అని. నిజమేనన్నాను. మా ఊరోళ్లు వెళ్లారు ఆ పనికి. అందరూ వెళ్లినట్టు తిరిగి రాలేదు."

నేను కుళాయి కట్టేశాను.

తర్వాత బాబాయ్ చెప్పినదంతా ఉల్లిపాయల వైపు చూస్తూనే చెప్పాడు. ఓనరు ఇంగువమ్మని తిప్పలేక వదిలించుకుందామనుకున్నాడు. వేరే దేశంలో ఒడ్డుకెక్కించి కోసేవాళ్లు ఒకళ్లు మంచి బేరం ఇచ్చారు. పెద్ద పోటుకి ఓడని బురదలోకి తోసేసి, పోటు దిగాక కింద నిలబడి కోస్తారు, పైనుంచి పలక ఊడితే తప్పుకోవడానికి కాలు బురదలోంచి రాదు. కౌశల్ అడ్డం పడ్డాడు. కొయ్యక తప్పదు, ఓడ పని అయిపోయింది, కానీ కోస్తే క్రేన్లున్న డాక్‌లోనే కొయ్యాలని పట్టుబట్టాడు. ఓనరుతో మాటా మాటా పెరిగింది. ఆఫీసులో వాడి మీద ఇంకా చిరాకుగానే ఉన్నారట. ఆ పట్టుదల చివరికి ఒక కాగితమైంది. నేను బోర్డు మీద చూసింది ఆ కాగితమే.

"నన్ను కోసే ముఠాలో ఎవరూ వెయ్యలేదు. నేనే అడిగి వేయించుకున్నాను. ఆ ఇంజను తెలిసినోడు విప్పాలి కదా" అన్నాడు.

మరి ఇదంతా నాకెందుకు చెప్పలేదని అడిగాను.

"నువ్వు అడిగావా? నువ్వు ప్రకటన చేశావు."

నూనె వేడెక్కింది. పోపు వేశాడు. నేను బయటికి వెళ్లబోతుంటే వెనక నుంచి, "ఇంకో మాట. పడవని దాటించినోళ్లే సాగనంపాలి. మన సరంగుల్లో అదొకటుంది. నలుగురం దాటించాం. ముగ్గురైతే నేను అణియం ఎక్కను. యాకూబ్‌తో కూడా చెప్పేశాను" అన్నాడు.

అంటే ఎవరూ వెళ్లరు. తాళ్లు పట్టుకోవడానికి నలుగురు కొత్తవాళ్లు వస్తారు. ఇంగువమ్మ చీకట్లో ఎవరికీ ఏమీ కానట్టు డాక్‌కి పోతుంది. నెలాఖరుకి బాబాయ్ వెళ్లిపోతాడు. మళ్లీ మేం నలుగురం ఒకచోట నిలబడటం ఉండదు.


డిసెంబరు 1

ఇదంతా ఓనరు అల్లించిన కథ కావచ్చు. బాబాయ్ అమాయకుడు.

తర్వాత: బాబాయ్ అమాయకుడు కాదు.


డిసెంబరు 2

ఆ రాత్రి మళ్లీ.

కొండలు, జలపాతాలు, హారన్, పప్పు. అన్నీ ముందు రాసినట్టే ఉన్నాయి. వెనక డెక్. వాన పక్కవాటుగా కొడుతోంది. బాబాయ్ గోడకి ఆనుకున్నాడు. యాకూబ్ గురక నిజమే, యాకూబ్ గురకని నటించలేడు. కౌశల్ నా ఎడమ పక్కన, మంకీ క్యాప్ కళ్ల మీదికి.

నేను రెండు చేతులతో కాగితం విప్పి పట్టుకున్నాను. రెండు చేతులతో. మడతలు పాతబడి చిరిగిపోతున్నాయి కాబట్టి అలా పట్టుకోవాలి, ఇప్పటికీ అలాగే పట్టుకుంటాను. కాగితం మీద ఒక్క చుక్క పడలేదు. ఇప్పుడే తీసి చూశాను, ఎక్కడా సిరా అలుక్కోలేదు. పైన రెయిన్‌కోటు ఉంది కాబట్టి.

రెయిన్‌కోటు దానంతటది నిలబడదు.

చివరి పేజీ దాకా ఎంతసేపు పట్టిందో తెలీదు. రెండు మలుపులు దాటాం. ఒక జలపాతం దగ్గరగా వచ్చి తుంపర మా మీద పడింది, అప్పుడు కూడా నా కాగితం తడవలేదు, పసుప్పచ్చ అంచు ఇంకా కిందికి వచ్చింది. దాన్ని పట్టుకున్న చెయ్యి నా కళ్ల ముందే ఉండుంటుంది. నీళ్లు మోచేతి దాకా కారుతూ ఉండుంటాయి. నేను అక్షరాలు చూస్తున్నాను.

వాడు నిద్రపోయాడని మూడేళ్లుగా అందరికీ చెప్పాను. వాడు ఉండగా కూడా చెప్పాను. ప్రతిసారీ నవ్వేవాడు.

బురదలో నిలబడ్డవాడికి ఓడ నీడ కూడా బరువే. మూడో పేజీ, కింద నుంచి రెండో పేరా. నాకంటే వాడికి బాగా గుర్తుంది. నేను ఇనుము కోసం ఏడుస్తుంటే వాడు దాని కింద నిలబడేవాళ్ల గురించి ఆలోచించాడు. నేను చదివాను, వాడు విన్నాడు.

బయట వాన. ఇక్కడి వానకి చలి లేదు. అయినా వాసన అదే. తడిసిన ఇనుము.


డిసెంబరు 3, బుధవారం

గ్రూపులో పెట్టాను. ఎవరైనా చెరిపేలోపు ఇక్కడ కూడా రాసుకుంటున్నాను.

"తప్పు జరిగింది. చేసినవాడి పేరు బాబ్జీ, ఎలక్ట్రికల్ సెక్షన్.

నవంబరు పదహారున ఇదే గ్రూపులో కౌశల్ మీద నేను రాసింది అబద్ధం. ఇంగ్రిడ్‌ను ఊరుగాని ఊళ్లో, బురదలో, ఒట్టి కాళ్లవాళ్ల నెత్తి మీద కోయకుండా ఆపినవాడు కౌశల్. కాగితంలో ఉన్నదంతా చదవకుండా సంతకం ఒక్కటే చదివినవాణ్ని నేను. గొడ్డలి బొమ్మలు మిగిలి ఉంటే నాకు పంపండి. ఇంగ్రిడ్ అమ్మాయి కాదు, ఓడ. వయసులో మీ అమ్మమ్మ అవుతుంది.

కౌశల్ ఈ గ్రూపులో లేడు. కాబట్టి ఇది చదివిన ప్రతి ఒక్కరూ వాడికి పంపండి. కిందటి నెల ఎంత వేగంగా పంపారో అంతే వేగంగా.

తర్వాతది వాడికి.

కొట్టించుకున్న పేరు మళ్లీ రాయించు. నలుగురూ లేకపోతే బాబాయ్ అణియం ఎక్కనంటున్నాడు. యాకూబ్ హారనుకి బ్యాటరీ తెస్తున్నాడు, పప్పు కూడా తెస్తాడట, డబ్బా మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదట. దక్షిణ దీవుల దగ్గర కొండల్లేవు, మూడు కూతలకి బదులు వస్తుందో రాదో తెలీదు. రాకపోతే మనమే పలుకుదాం. శనివారం కూడా వాన ఉందంటున్నారు. కరపత్రం తెస్తాను. ఈసారి నువ్వు చదువు.

రావలసినవాళ్లు: వెంకటరాజు, యాకూబ్, కౌశల్, బాబ్జీ.

డిసెంబరు ఆరు, శనివారం, సాయంత్రం ఆరు గంటలకు, మెరీనా సౌత్ పియర్, నీళ్లలోకి దిగే మెట్ల దగ్గర. పసుప్పచ్చ రెయిన్‌కోటు నా దగ్గరే ఉంది. నేను పట్టుకుంటాను."